మాట్లాడని పెట్టె

వీణ కొనబోయేవాళ్ళు మొదట ఏం చేస్తారో గమనించారా? కుండను వేలి కణుపుతో మెల్లగా తట్టి చెవి ఒగ్గుతారు. నిండుగా మోగితే వాళ్ళ ముఖం విప్పారుతుంది. టక్కుమని ఊరుకుంటే ఇంకొకటి చూపించమంటారు. బొబ్బిలి వీణ చేసే పనివారు పనస మానునే ఏరి తెచ్చి, ఏకాండంగా చెక్కడంలో ఉన్న మర్మం కూడా ఇదే. వీణకు చెక్క పలకాలి. పలికే చెక్కకే విలువ.

నేనివాళ చెప్పబోయే పెట్టెకు ఈ ధర్మం తలకిందులు. ఇది గిటారుకు తగిలించే స్పీకరు పెట్టె. దాన్ని తట్టినప్పుడు మోగిందా, ఇక పక్కన పెట్టవలసిందే!

"అదేం విడ్డూరమండీ, పాట వినిపించే పెట్టె మోగకూడదా?" అంటారు మీరు. కారణం చిన్నదే. వీణ తన మాట తాను చెబుతుంది. స్పీకరు పెట్టె ఇంకొకరి మాటను నలుగురికీ చేరవేస్తుంది. అంటే అది దుబాసీ అన్నమాట. దుబాసీ మధ్యలో తన సొంత అభిప్రాయాలు కలిపితే వ్యవహారం ఏమవుతుంది? పెట్టె చెక్కలు వాటంతట అవి ఊగడం మొదలుపెడితే పాట కూడా అదే అవుతుంది. ఒక స్వరం ఉరుముతుంది, పక్క స్వరం ఊసులో ఉండదు.

ఈ పెట్టె గొడవలోకి నేనెందుకు దిగానో చెప్పాలి. మా చెల్పూరు పరకాల నుంచి భూపాలపల్లి వెళ్ళే దారిలో ఉంది. ఊరి పక్కనే కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం. అందులో ఒక యూనిట్ 500, ఇంకొకటి 600, వెరసి 1100 మెగావాట్లు. అంత కరెంటు పుట్టే ఊళ్ళో కూడా చెట్టు కింద పాట పెట్టుకుందామంటే ఎవరింటి కిటికీలోంచో వైరు లాగవలసిందే! మా మేనకోడలు అకూస్టిక్ గిటారు వాయిస్తుంది, పాడుతుంది. దాని తమ్ముడిది ఎలక్ట్రిక్ గిటారు. పిల్ల చేతిలో నాదం ఉందని నలుగురూ అనడం మొదలయింది. పెళ్ళి విందులకూ బడి వార్షికోత్సవాలకూ పిలుపులు వచ్చాయి. వచ్చిన పిలుపుల్లో రెండింటిని అది కాదంది.

కారణం పాట కాదు, పెట్టె. ఊళ్ళో అద్దెకు దొరికేవన్నీ బరాతుల్లో తీన్మార్ మోగించే డబ్బాలు. ఇద్దరు మగవాళ్ళు ఎత్తితే గాని లేవవు. ఆటో కావాలి, ఎత్తి దించేవాళ్ళు కావాలి.

"మామా, డబ్బ మోసెటందుకు మనిషిని పెట్టుకుంటే నాకచ్చే పైసలు ఆయనకే సరిపోతయ్. ఇగ నేనెందుకు పోవాలె?" అంది పిల్ల.

మా చెల్లెలి బాధ వేరు. "పైసలు పోతే పోనీ అన్నా. రాత్రిపూట ఆ ఆటోల ఎవలెవలో ఎంబడి అస్తరు. పిల్లను ఎట్ల పంపాలె?" అంది.

2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు. పిల్ల పొద్దు ఉండగానే హనుమకొండ వెళ్ళి రాగలదు. అడ్డమల్లా ఆ డబ్బా బరువు ఒక్కటే. అందుకని నేను మూడు షరతులు రాసుకున్నాను. పెట్టెను పిల్ల ఒంటిచేత్తో మోసుకుని బస్సెక్కగలగాలి. రెండు రకాల గిటార్లూ అందులో పలకాలి. ప్లగ్గు లేని చోట కూడా పనిచేయాలి.

రెండు గిటార్లకూ ఒకే పెట్టె అనడం తేలిక. చేయడం దగ్గరే చిక్కు. అకూస్టిక్ గిటారుకు తన డొల్ల తనకుంది. దాని నాదం అక్కడే తయారయిపోతుంది. స్పీకరు దానికి అద్దంలా ఉండి, ఉన్నది ఉన్నట్టు చూపాలి. తీగ మీద గోరు తగిలిన చిన్న చప్పుడు కూడా వినపడాలి. ఎలక్ట్రిక్ గిటారు అలా కాదు. దానిది సాధారణంగా గట్టి చెక్క, లోపల డొల్ల ఉండదు. స్పీకరు లేకపోతే అది పక్కగదికి కూడా వినపడదు. దానికి స్పీకరు అద్దం కాదు, గొంతే.

మన పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారి వాద్యం గుర్తు చేసుకోండి. జంటలుగా ఉండే ఎనిమిది తీగలను ఆయన ఐదు ఒంటి తీగలు చేసుకున్నారు. విద్యుత్ మాండొలిన్ మీద గమకాలు పలికించి కర్ణాటక సంగీత సభలను మెప్పించారు. అక్కడ వాద్యం అంటే చేతిలో ఉన్నదొక్కటే కాదు. తీగ దగ్గర మొదలై స్పీకరు కాగితం దాకా ఉన్నదంతా వాద్యమే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఎలక్ట్రిక్ గిటారు కోసం చేసే స్పీకర్లు 5000 హెర్ట్జ్ దాటాక దాదాపు మూగబోతాయి. అదే మంచిది కూడా. కుర్రాళ్ళు పెడలు తొక్కి స్వరాన్ని గరగరలాడిస్తారు చూడండి, ఆ గరగరలోంచి పుట్టే పైస్థాయి రొద స్పీకరు దగ్గరే ఆగిపోతుంది. అదే రొదను చిన్న ట్వీటరులోంచి పంపితే పెనం మీద నీళ్ళు చల్లినట్టు చుయ్యిమంటుంది. అకూస్టిక్ గిటారుకేమో ఆ పైస్థాయిలోనే తళుకు ఉంటుంది. కాబట్టి పది అంగుళాల స్పీకరు ఒకటి, దానిపైన చిన్న ట్వీటరు ఒకటి, ఆ ట్వీటరును ఆపడానికి ఒక స్విచ్చి పెట్టాను. అక్క వాయించేటప్పుడు స్విచ్చి వేస్తారు, తమ్ముడు వాయించేటప్పుడు తీసేస్తారు. ట్వీటరుకు ముందు 4.7 మైక్రోఫారడ్ కెపాసిటరు ఒకటి. 8 ఓముల ట్వీటరుకు అది సుమారు 4200 హెర్ట్జ్ దగ్గర ద్వారపాలకుడి పని చేస్తుంది. కింది స్వరాలను అడ్డగించి, పై స్వరాలను లోపలికి రానిస్తుంది.

అసలు పెట్టె ఎందుకన్న సందేహం తీరాలంటే ఇంట్లో పిల్లలే ఒక ప్రయోగం చేసి చూడవచ్చు. పాత రేడియో స్పీకరును డొక్కులోంచి బయటికి తీసి మోగించండి. పాట పీలగా, ఈగ రొదలా వస్తుంది. ఇప్పుడు పెద్ద అట్టముక్కకు స్పీకరంత రంధ్రం చేసి, స్పీకరును దాని వెనక ఆనించండి. ఒక్కసారిగా గొంతు నిండుతుంది! స్పీకరు కాగితం ముందుకు వచ్చినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, వెనక గాలి పలచబడుతుంది. రెంటి మధ్య అడ్డు లేకపోతే ముందుగాలి పక్కనుంచి వెనక్కి జారుకుంటుంది. ముఖ్యంగా కింది స్వరాలు పుట్టినచోటే చచ్చిపోతాయి. పెట్టె చేసే మొదటి పని వెనకగాలిని బంధించడం. తీగ చుట్టను కాగితానికి అంటించి ఊగించే ఈ తరహా స్పీకరు గురించి అమెరికాలో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అనే ఇంజనీర్లు 1925లో ప్రకటించారు. వందేళ్ళు దాటినా మన రేడియోల్లో, టీవీల్లో ఇప్పటికీ ఎక్కువగా అదే.

బంధించిన గాలి ఊరుకోదు, స్ప్రింగులా కాగితాన్ని వెనక్కి నెడుతుంది. పెట్టె చిన్నదైనకొద్దీ స్ప్రింగు బిగుస్తుంది, కింది స్వరాలు తగ్గుతాయి. పెట్టె గాలికీ స్పీకరుకూ ఉన్న ఈ లెక్కను 1961లో ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్, తర్వాత 1970 దశాబ్దంలో రిచర్డ్ స్మాల్ స్థిరపరిచారు. అంతకుముందు చాలామంది వడ్రంగి చేతివాటం మీద వెళ్ళేవారు.

లెక్కలు వస్తే పేజీ తిప్పేస్తామని బెదిరించే పాఠకులు కొందరున్నారు. వారు ఒక్క నిమిషం ఓపిక పట్టాలి. ఈ లెక్క వంటింటి కొలతల కంటే కష్టం కాదు. మంచి స్పీకరుతో పాటు ఒక కాగితం వస్తుంది. నా స్పీకరు కాగితంలో మూడు అంకెలు చూసుకున్నాను. స్పీకరు తనంతట తాను ఊగే వేగం 50 హెర్ట్జ్. దాని బిగువుకు సమానమైన గాలి 40 లీటర్లు. ఊగాక ఎంత త్వరగా నిలదొక్కుకుంటుందో చెప్పే అంకె 0.5. పెట్టెలో 27 లీటర్ల గాలి ఉంచితే, 40ని 27తో భాగించి, ఒకటి కలిపి, వర్గమూలం తీయాలి. ఇంచుమించు 1.57 వస్తుంది. దానితో పై అంకెలను హెచ్చించండి. వేగం 79 హెర్ట్జ్ అయింది. మూడో అంకె 0.79 అయింది.

ఈ రెండూ మనకు కావలసినవే. గిటారులో అన్నిటికంటే మందపు తీగ 82 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. పెట్టె 79 దాకా దిగుతోంది కాబట్టి ఆ తీగకు అన్యాయం లేదు. ఇక మూడో అంక 0.7 దగ్గర ఉంటే స్వరాలు ఉబ్బెత్తు లేకుండా సమంగా వస్తాయి. 0.79 అంటే చెవికి తెలియనంత ఉబ్బు. అదే పెట్టెను 10 లీటర్లకు కుదించామనుకోండి. వేగం 112కు పోతుంది, మూడో అంకె 1.1 దాటుతుంది. మందపు తీగ సన్నగిల్లుతుంది, దాని పైస్వరాలు ఉబ్బుతాయి. అకూస్టిక్ గిటారు డొల్లలో గాలి కూడా 100 హెర్ట్జ్ ప్రాంతంలోనే ఊగుతుంది. పెట్టె అక్కడే ఉబ్బితే గిటారు డొల్ల ఆ ఉబ్బును అందుకుని తిరిగి తీగలకు చెబుతుంది, తీగలు మళ్ళీ పెట్టెకు చెబుతాయి. సభలో గుయ్యిమని కూత లేస్తుంది. మూసిన పెట్టె, సమమైన స్వరం ఈ కూతకు మొదటి మందు. గాలి రంధ్రం ఉన్న పెట్టెలు కొన్నిచోట్ల మేలే అయినా ఈ పనికి మూసినదే ఎంచుకున్నాను.

ఇంతవరకు కాగితం పని. ఇక చెక్క దగ్గరకు వచ్చాం. అసలు పరీక్ష ఇక్కడే ఉంది. పెట్టె మాట్లాడకూడదంటే బరువుగా ఉండాలి. పిల్ల మోయాలంటే తేలికగా ఉండాలి. ఒకటి తూర్పు, ఒకటి పడమర.

మా వడ్రంగి అనుభవశాలి. ప్లైవుడ్డు అనగానే ముఖం చిట్లించాడు. "మన తాన టేకు దొరకంగ గీ అతుకుల చెక్కెందుకు సారూ? పెట్టె అంటె నాలుగు తరాలుండాలె" అన్నాడు.

అతని మాటలో తప్పు లేదు. బీరువాకు టేకును మించింది లేదు. కాని ఎంత మంచి చెక్కయినా వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుస్తుంది. అదీ ఈనె పొడవునా కాదు, అడ్డంగా. మా భూపాలపల్లి ఎండలు మీకు తెలియనివి కావు. గాలి పోకుండా మూసిన పెట్టెలో వెంట్రుకవాసి సందు పడితే అది ఈలవేస్తుంది. ప్లైవుడ్డులో ఒక పొర నిలువు, ఒక పొర అడ్డం. ఒకదాన్ని ఒకటి పట్టి ఉంచుతాయి. ఇంట్లో తోడికోడళ్ళు సర్దుకుపోయినట్టన్నమాట.

బరువు సంగతి చూద్దాం. పద్దెనిమిది మిల్లీమీటర్ల ఎండీఎఫ్ అట్టతో ఈ పెట్టె చేస్తే చెక్కే ఎనిమిది కిలోలు దాటుతుంది. పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్డుతో ఐదు కిలోల లోపు. కాని పలచని పలక మోగుతుంది కదా! దీనికి ఉపాయం మందం పెంచడం కాదు, అడ్డపట్టీ. పలక మందాన్ని ఒకటిన్నర రెట్లు చేస్తే అది మోగే స్వరం ఒకటిన్నర రెట్లే పైకి పోతుంది. 40, 32 సెంటీమీటర్ల వెనక పలకకు నట్టనడుమ, పొడవునా, అంచు మీద నిలబెట్టి ఒక పట్టీ అతికిస్తే ఆ స్వరం రెండున్నర రెట్లు దాటుతుంది. అంత పైకి పోయిన మోత చిన్నదవుతుంది, దూదికి లొంగుతుంది. ఆ పట్టీ బరువు పావు కిలో కూడా లేదు!

బలానికి బరువే దిక్కు కాదని మా ప్రాంతానికి కొత్తగా చెప్పనక్కరలేదు. పాలంపేట రామప్ప గుడిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు. కింద అంత రాతి కట్టడం కట్టి, శిఖరానికి మాత్రం నీళ్ళలో తేలే తేలిక ఇటుకలు వాడారు. 2021లో యునెస్కో ఆ గుడిని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చింది. ఎక్కడ బరువు కావాలో, ఎక్కడ అక్కరలేదో ఎరిగినవాడే శిల్పి. మా వడ్రంగికి ఈ మాట చెప్పగానే చిత్రిక అందుకున్నాడు.

ఆసక్తి ఉన్నవారికి కొలతలు ఇవి. పెట్టె లోపలి ఎత్తు 40, వెడల్పు 32, లోతు 23 సెంటీమీటర్లు. గుణిస్తే 29 లీటర్ల పైచిలుకు. స్పీకరు, ట్వీటరు, పట్టీలు ఆక్రమించే చోటు రెండు లీటర్లు తీసేస్తే మనకు కావలసిన 27 మిగులుతుంది. ఎనిమిదడుగులకు నాలుగడుగుల ప్లైవుడ్డు పలకలో పావు వంతు చాలు. స్పీకరు రంధ్రం కొలత మాత్రం దాని కాగితంలో చూసి కోయాలి. మూలలు వేళ్ళలో వేళ్ళు దూర్చినట్టు కలపాలి. జిగురు ఆరేదాకా క్లాంపులు విప్పకూడదు. లోపల గోడలకు ఏకిన దూదిని పలచటి బట్ట కింద పరిచి బిగించాలి. పత్తి పండే సీమలో దూదికి వెతుక్కోవడమేమిటి! దూది లోపలి ప్రతిధ్వనిని మింగుతుంది. పైగా పెట్టె ఉన్నదానికంటే కాస్త పెద్దదైనట్టు ప్రవర్తిస్తుంది. దూది స్పీకరు కాగితానికి తగలకుండా చూసుకోవాలి.

అడుగు పలకను ముందువైపు కొంచెం ఎత్తు చేయించాను, పెట్టె వెనక్కి వాలి చూసేట్టు. పెద్ద స్పీకరులోంచి పై స్వరాలు టార్చిలైటులా సూటిగా పోతాయి. పెట్టె నిటారుగా నేల మీద ఉంటే ఆ స్వరాలు శ్రోతల మోకాళ్ళకు వినిపిస్తాయి! పట్టుకునే పిడిని కూడా నట్టనడుమ పెట్టరాదు. అయస్కాంతం బరువంతా ముందువైపు ఉంటుంది. పెట్టెను తాడుతో వేలాడదీసి, ఎక్కడ కట్టితే సమంగా నిలుస్తుందో అక్కడ పిడి బిగించాం. లేకపోతే నడిచేటప్పుడు ప్రతి అడుగుకూ కాలికి కొట్టుకుంటుంది.

ప్లగ్గు లేని చోటు మాటేమిటి? ఆంప్లిఫయరును, బ్యాటరీని పెట్టెలో పెట్టలేదు. అవి భుజానికి తగిలించుకునే సంచిలో వేరుగా ఉంటాయి. 12.8 వోల్టుల, 12 ఆంపియర్-అవర్ల లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ కిలోన్నర. ఒక సాయంత్రానికి ధారాళంగా సరిపోతుంది. దాంతో 4 ఓముల స్పీకరుకు 18 వాట్లు అందుతాయి. అకూస్టిక్ గిటారులో ఉండే పీజో పికప్పుకు పది లక్షల ఓముల ప్రవేశం కావాలి. లేకపోతే స్వరం రేకు డబ్బాలా పలుకుతుంది. అందుకని ఆంప్లిఫయరుకు రెండు గిటార్లకూ రెండు వేర్వేరు ప్రవేశాలు.

"పద్దెనిమిది వాట్లేనా? బజార్లో వెయ్యి వాట్లవి ఉన్నాయే!" అని మేనల్లుడు పెదవి విరిచాడు. వాట్లను రెట్టింపు చేస్తే పెరిగేది మూడు డెసిబెళ్ళే. ఒక వాటుకు మీటరు దూరంలో 88 డెసిబెళ్ళు ఇచ్చే స్పీకరుకు బదులు 91 ఇచ్చేదాన్ని ఎంచుకుంటే, ఆంప్లిఫయరును రెట్టింపు చేసినంత ఫలితం. మాది 91ది. పద్దెనిమిది వాట్లతో మీటరు దూరంలో 103 దాకా వస్తుంది. పెళ్ళివారి వాకిట్లో వందమందికి పాట వినిపించడానికి అది చాలు. వాళ్ళ చెవులు హోరెత్తించాలంటే చాలదు, ఆ పని మాకు అక్కరలేదు.

పెట్టె పూర్తయ్యాక పరీక్ష సులువు. స్పీకరు కాగితాన్ని రెండు వేళ్ళతో సమంగా, మెల్లగా లోపలికి నొక్కి వదలాలి. నిదానంగా తిరిగి వస్తే పెట్టెలో సందులు లేవన్నమాట. చటుక్కున వస్తే ఎక్కడో గాలి పోతోంది. మాది నిదానంగానే వచ్చింది. ఆ తర్వాత వడ్రంగి తనంతట తానే ముందుకు వచ్చి వెనక పలకను వేలి కణుపుతో తట్టాడు. టక్కుమంది. "మోగుతలేదు సారూ!" అన్నాడు సంతోషంగా. ఆయన జీవితంలో పలకని చెక్కను చూసి సంతోషించడం అదే మొదటిసారి అయి ఉంటుంది.

తూకం వేస్తే పెట్టె ఎనిమిదిన్నర కిలోలు, సంచి రెండు కిలోలు. చిన్న బిందెడు నీళ్ళ బరువు. ఎలక్ట్రిక్ గిటారు తమ్ముడికి మాత్రం పన్నెండు అంగుళాల స్పీకరులో ఉండే ఛాతీ బలం ఇందులో లేదన్న కొరత మిగిలింది. అది నిజమే. ఆ రెండు అంగుళాలు పెంచితే పెట్టె పెరుగుతుంది, బరువు పెరుగుతుంది, అక్క మళ్ళీ ఇంట్లో కూర్చుంటుంది. ఆ మాట చెప్పాక వాడు మళ్ళీ ఎత్తలేదు.

పోయిన నెలలో పరకాల పెళ్ళి విందుకు పిల్ల ఒక్కతే వెళ్ళింది. వీపున గిటారు, భుజాన సంచి, చేతిలో పెట్టె. మా చెల్లెలు బస్సు దాకా వెళ్ళి ఎక్కించి వచ్చింది. పెట్టె మోయడానికి ఎవరు తోడు వెళుతున్నారని ఈసారి అడగలేదు. తిరిగి వచ్చే బస్సు ఎన్ని గంటలకని మాత్రం మూడుసార్లు అడిగింది.